ఇంటిల్లిపాదీ కలిసి హాట్ డాగ్ బండి: బెంగళూరులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మదనపల్లె. బెంగళూరుకొచ్చి పదహారేళ్లయింది. కుందలహళ్లి వైపు, పీజీ హాస్టళ్లు ఎక్కువున్న ఒక సందు మొదట్లో మా హాట్ డాగ్ బండి నిలుస్తుంది. సాయంత్రం అయిదున్నరకి పెడతాం, రాత్రి పదిన్నరకి తీసేస్తాం. బండి దగ్గర నేను, మా ఆయన ఉంటాం. ఇంటి దగ్గర తరుగుడు, నూరుడు, పచ్చడి పని మా అత్తమ్మది. ఊరి నుంచి, హిందూపురం నుంచి, కర్నూలు నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి "మేమూ పెట్టుకుందామనుకుంటున్నాం, ఎట్లా?" అని అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్తున్నవన్నీ ఇక్కడ ఒకచోట రాశాను.

హాట్ డాగ్ అంటే అసలేమిటి? ఆ పేరేంటి?

పొడుగాటి మెత్తటి బన్నుని పక్కకి చీల్చి, మధ్యలో వేడి సాసేజ్ పెట్టి, పైన ఉల్లిపాయ, సాసులు వేసి చేతికిస్తాం. అంతే. కుక్క మాంసానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు తమ ఫ్రాంక్‌ఫర్టర్ సాసేజ్‌లని వెంట తీసుకెళ్లారు. పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు ఉండే డాక్స్‌హుండ్ అనే జర్మన్ కుక్కతో పోలుస్తూ అక్కడివాళ్లు వాటికి ఆ పేరు తగిలించారని చెప్తారు. 1890ల నాటి అమెరికా కాలేజీ పత్రికల్లోనే ఈ మాట కనిపిస్తుంది.

అమెరికాలో ఎక్కువగా పంది, గొడ్డు మాంసంతో చేస్తారు. మా బండి మీద చికెన్ సాసేజ్, వెజ్ సాసేజ్ మాత్రమే. "అక్కా, నిజంగా చికెనేనా?" అని కొత్తగా వచ్చిన పిల్లలు అడిగితే ప్యాకెట్ తీసి చేతికిస్తాం, చదువుకోమంటాం. హలాలా అని అడిగేవాళ్లకీ ప్యాకెట్ మీద ముద్ర చూపిస్తాం. ముద్ర లేని ప్యాకెట్ అయితే లేదనే చెప్తాం. తినే మనిషికి ఏం తింటున్నాడో తెలియాలి. అది దాచి అమ్మే వ్యాపారం మాకొద్దు.

దోసె, గోబీ మంచూరి, ఎగ్ రైస్ బండ్లు ఇన్ని ఉండగా ఇదెందుకు పెట్టారు?

చోటు తక్కువ, నీళ్లు తక్కువ, నూనె తక్కువ. సాసేజ్ ఫ్యాక్టరీలోనే ఉడికి వస్తుంది కాబట్టి బండి మీద మనం చేసేది బాగా వేడి చేయడం, పెనం మీద కాల్చడం. ఆర్డర్ చెప్పిన నాలుగైదు నిమిషాల్లో చేతికిచ్చేయొచ్చు. కాగితంలో చుట్టి ఇస్తాం కాబట్టి ప్లేట్లు కడిగే పని లేదు. రోడ్డు పక్క వ్యాపారంలో ఎంగిలి ప్లేట్లు కడిగే నీళ్లే పెద్ద చిక్కు, ఎండాకాలంలో మరీ.

న్యూయార్క్‌లో కోనీ ఐలండ్ సముద్రపు ఒడ్డున 1916లో నేథన్ హ్యాండ్‌వర్కర్ అనే పోలండ్ వలసదారు చిన్న హాట్ డాగ్ దుకాణం పెట్టి, భార్య ఐడాతో కలిసి నడిపారు. దగ్గర్లోనే పెద్ద హోటలు పది సెంట్లకి అమ్మేదాన్ని వాళ్లు అయిదు సెంట్లకే ఇచ్చారు. ఇది మొదటి నుంచీ వలస వచ్చిన సంసారాలు నిలదొక్కుకున్న తిండి. ఊరొదిలి వచ్చిన మాకు ఆ కథ దగ్గరగా అనిపిస్తుంది.

ఇబ్బందీ చెప్తాను. దీన్ని మన జనం భోజనం కింద లెక్కపెట్టరు. నెలాఖరులో పిల్లల చేతిలో డబ్బు తగ్గగానే ముందు మానేసేది ఇలాంటివే. నలభై దాటినవాళ్లు బండి వైపు చూడను కూడా చూడరు. కాలేజీలు, హాస్టళ్లు, ఆఫీసులు లేనిచోట ఇది నడవదని నా గట్టి అభిప్రాయం.

బండి ఎట్లా చేయించుకోవాలి?

తొందరపడకండి. మేం తొందరపడి మొదటిసారి రెడీమేడ్‌గా దొరికిన సెకండ్ హ్యాండ్ బండి కొన్నాం, ఏడాదికే దాని పైరేకు తుప్పు పట్టింది. రెండోది దగ్గర నిలబడి చేయించుకున్నాం.

తిండి తగిలే చోటంతా 304 గ్రేడ్ స్టీలు ఉండాలి. చాలామంది 202 వేసి 304 డబ్బులు తీసుకుంటారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని చెప్తారు కానీ అది నమ్మొద్దు, ఆ రెండింటికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. ఉప్పు, ఆవాల సాసు, గోంగూర పులుపు రోజూ పడే చోట 202 త్వరగా మచ్చలు పడి తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, రాయనన్నవాడి దగ్గర చేయించొద్దు. కింది చట్రం మామూలు ఇనుమైనా ఫర్వాలేదు, రంగు వేయించి ఏటా మళ్లీ పూయాలి.

మా బండి ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. ఎడమ పక్క పెనం, మధ్యలో వేడి నీళ్ల తొట్టి, కుడి పక్క సాసులు, తరిగిన ఉల్లిపాయల గిన్నెలు. తొట్టి అంటే కింద వేడి నీళ్లు, పైన మూతలున్న స్టీలు గిన్నెలు. వేడెక్కిన సాసేజ్‌లు, సాంబారు హోటల్లో సాంబారున్నట్టు, అందులో వేడి తగ్గకుండా ఉంటాయి.

ఎత్తు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. రెండో బండి కట్టిన మిస్త్రీ మగవాళ్ల ఎత్తుకి కొలిచి కట్టబోయాడు. బండి దగ్గర రోజుకి అయిదు గంటలు నిలబడేది నేను. నన్ను నిలబెట్టి, మోచేతికి కాస్త కింద వచ్చేట్టు కొలిపించాను. మొదటి బండి దగ్గర పడిన భుజాల నొప్పి ఈ బండి దగ్గర రాలేదు. మీ ఇంట్లో ఎవరు ఎక్కువసేపు నిలబడతారో వాళ్ల ఒంటికి కొలవండి.

చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, మురికి నీళ్లు పట్టే వేరే డబ్బా, మూత ఉన్న చెత్తబుట్ట, ఇవి బండిలోనే చోటు చేసి కట్టించాలి. తర్వాత తగిలించుకుందాంలే అనుకుంటే ఎప్పటికీ తగిలించుకోరు.

గ్యాస్ విషయంలో ఏం జాగ్రత్తలు?

ఇంటి ఎర్ర సిలిండర్ బండి మీద వాడకూడదు, అది చట్టవిరుద్ధం. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. బండి మీద మోయలేమనుకుంటే 5 కిలోల చిన్నవి దొరుకుతాయి.

ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే కిందికి దిగి పోగవుతుంది. అందుకే సిలిండర్ పెట్టే అరకి కింది భాగంలో తప్పనిసరిగా గాలి రంధ్రాలు పెట్టించాలి. చాలా బండ్లకి అందం కోసం కింద అంతా రేకుతో మూసేస్తారు, అది చూస్తేనే నాకు భయం. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. ఐఎస్ఐ గుర్తున్న పైపు వాడి, దాని మీద రాసిన గడువు దాటకముందే మార్చాలి. మంట ఆర్పే సిలిండర్ చేతికందే చోట ఉండాలి, దాన్ని ఎలా నొక్కాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మా అత్తమ్మకి కూడా నేర్పించాం.

అనుమతులు ఏమేం కావాలి?

రెండు ముఖ్యం. ఒకటి తిండి అమ్మడానికి, రెండోది రోడ్డు పక్క నిలబడడానికి.

తిండికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్. మా లాంటి చిన్న బండ్లకి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫాస్‌కాస్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో మనమే చేసుకోవచ్చు. ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా ఇస్తే సరిపోయింది. మేం చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలు రుసుము. ఏజెంటు ఒకాయన ఇదే పనికి వేలల్లో అడిగాడు. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని బండి మీద కనబడేట్టు పెట్టండి.

నిలబడడానికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. దాని కింద ఊరి పాలక సంస్థ వీధి వ్యాపారులని సర్వే చేసి, వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తుంది. టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటుంటుంది, అందులో కనీసం 40 శాతం మంది మన లాంటి వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చట్టంలో రాసి ఉంది. బెంగళూరులో 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ అనే పాత నగర పాలక సంస్థ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు నగర పాలక సంస్థలు వచ్చాయి. మహదేవపుర, కె.ఆర్.పుర వైపువాళ్లకి తూర్పు పాలక సంస్థ. మీ చోటు దేని కిందికి వస్తుందో ముందు తెలుసుకుని ఆ ఆఫీసుకే వెళ్లండి, లేకపోతే తిరిగిన రోజులన్నీ వృథా.

ఆ చట్టంలో సంసారం చేసేవాళ్లకి పనికొచ్చే మాటలు నాలుగున్నాయి. సర్టిఫికెట్ ఉన్న మనిషి తనే గానీ, తన ఇంటివాళ్లు గానీ వ్యాపారం చేయాలి. దాన్ని బాడుగకి ఇవ్వకూడదు, ఇంకొకరికి మార్చకూడదు. ఆ మనిషి చనిపోయినా, మంచాన పడినా భార్యో భర్తో, వాళ్ల మీద ఆధారపడ్డ బిడ్డో సర్టిఫికెట్ గడువు వరకు నడుపుకోవచ్చు. వేరే జీవనాధారం లేనివాళ్లకే ఇది, కాబట్టి ఉద్యోగం ఉన్న మనిషి పేరు మీద పెట్టకండి. మేం నా పేరు మీద అర్జీ పెట్టాం. అప్పట్లో మా ఆయన ఒక గోడౌన్‌లో పని చేసేవాడు.

పాలక సంస్థవాళ్లు బండి ఎత్తుకెళ్తే ఏం చేయాలి?

అరవకండి, అడ్డం పడుకోకండి. తీసుకెళ్లిన వస్తువుల జాబితా రాసి సంతకం పెట్టి ఇమ్మని అడగండి, అది మన హక్కు. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతావి రెండు పని దినాల్లో తిరిగివ్వాలని చట్టం చెప్తుంది. మా బండిని ఒకసారి తీసుకెళ్లారు, జాబితా అడగాలని అప్పుడు నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి పటకార్లు, రెండు గిన్నెలు లేవు. అప్పటి నుంచి చట్టంలోని ఆ పేజీ కన్నడ ప్రతి గల్లా పెట్టెలో పెట్టుకున్నాను.

అయితే ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమించి, ముసలివాళ్లు రోడ్డు మీదికి దిగి నడిచేట్టు చేసి, చట్టం మా వైపుందనడం కూడా తప్పే. ఒక మనిషి, ఒక చక్రాల కుర్చీ పోయే దారి వదిలి నిలపండి. పక్కనున్న ఇళ్లవాళ్లు మనవైపు ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పెట్టుబడికి అప్పు ఎక్కడ?

మీటర్ వడ్డీ జోలికి మాత్రం పోకండి. పొద్దున ఇచ్చి సాయంత్రం వసూలు చేసుకునే ఆ అప్పు వల్ల మంచి గిరాకీ ఉన్న బండ్లే అమ్ముకుపోవడం చూశాను.

పీఎం స్వనిధి అని కేంద్ర పథకం 2020 నుంచి ఉంది. తాకట్టు అడగరు. 2025 ఆగస్టులో చేసిన మార్పు తర్వాత మొదటి విడత 15,000, అది సరిగా కడితే 25,000, ఆ తర్వాత 50,000 రూపాయలు. సకాలంలో కట్టేవాళ్లకి 7 శాతం వడ్డీ రాయితీ. సర్టిఫికెట్ ఇంకా రాకపోతే పాలక సంస్థ ఇచ్చే సిఫార్సు లేఖతో కూడా అర్జీ పెట్టొచ్చు. దీంతో కొత్త స్టీలు బండి రాదు, సరుకుకీ ఫ్రిజ్‌కీ సరిపోతుంది. బండి డబ్బు మేం చీటీ పాట పాడి తెచ్చాం.

సాసేజ్‌లు ఎట్లా కొనాలి, ఎట్లా ఉంచాలి?

దీని మీద ఎంత చెప్పినా తక్కువే. ఇది మనుషుల ప్రాణాలకి సంబంధించింది.

కొనేటప్పుడు కంపెనీ ప్యాకెట్, తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, మాంసాహారానికి పెట్టే ముదురు గోధుమ రంగు త్రికోణం చూసుకోండి. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ప్యాకెట్ లోపల మంచు పలుకులు గడ్డకట్టి ఉంటే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, వద్దని చెప్పేయండి. ఒకసారి హోల్‌సేల్ షాపులో పది ప్యాకెట్లు కొన్నాం. ఇంటికొచ్చి చూస్తే నాలుగింట్లో ఇదే పరిస్థితి. రాత్రంతా కరెంటు పోయి కరిగినవాటిని షాపువాళ్లు మళ్లీ గడ్డకట్టించి అమ్మారు. వెనక్కి తీసుకోం అన్నారు. నాలుగూ పారబోశాం. ఆ రోజు ఏడుపొచ్చింది, కానీ మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చినా పారబోస్తాను.

ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చి మెల్లగా కరగనివ్వాలి. బయట పెట్టి కరిగించకూడదు, కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు. బండి మీదికి ఆ రోజుకి సరిపడా మాత్రమే ఐస్ పెట్టెలో తీసుకెళ్లాలి. 5 డిగ్రీల కింద, లేదా 60 డిగ్రీల పైన, ఈ రెండు చోట్లే తిండి ఉండాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేడి చేసేటప్పుడు లోపలి వరకు 74 డిగ్రీలు రావాలి. గుచ్చి చూసే థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది. పెనం కన్నా ముందు అది కొనండి.

నీళ్లు సలసల కాగనివ్వకండి, సాసేజ్ చిట్లి రుచంతా నీళ్లలోకి పోతుంది. నీళ్లు సన్నగా ఆవిరి కక్కుతుంటే చాలు. తర్వాత పెనం మీద కొంచెం నూనెతో దొర్లించి, చర్మం ముదురు రంగు తిరిగాక తీస్తే మనవాళ్లకి నచ్చుతుంది. ఉట్టి ఉడికించింది ఇస్తే "పచ్చిగా ఉందక్కా" అంటారు. రాత్రి తొట్టిలో మిగిలినవి మర్నాటికి వాడం.

బన్ను ఎక్కడ?

వీధికొక అయ్యంగార్ బేకరీ ఉన్న ఊరిది. అయితే వాళ్ల మామూలు బన్ను తీపి. పొడుగు బన్ను, చక్కెర తగ్గించి, రోజూ ఇన్ని అని ముందే చెప్తే చేసిస్తారు. ఆ రోజుది ఆ రోజే. రెండుగా తెగిపోకుండా ఒక పక్క అతుకు ఉంచి కోయాలి, లోపలి వైపు కొంచెం వెన్నతో కాల్చాలి. కాల్చని బన్ను సాసు తగలగానే నానిపోయి చేతిలోనే విరిగిపోతుంది.

రుచి అమెరికాదా, మనదా?

రెండూ పెట్టాం. చికాగోలో ఆవాల సాసు, ఉల్లిపాయ, టమాటా, ఊరబెట్టిన దోసకాయ, పచ్చిమిరప వేస్తారు, కెచప్ వేయనే వేయరు. అట్లాంటిది అడిగేవాళ్ల కోసం ఒక రకం ఉంచాం. మిగతాది అత్తమ్మ చేతి గోంగూర. గోంగూరని పచ్చడిలా కాకుండా కాస్త పల్చగా, వెల్లుల్లి ఎక్కువేసి నూరి, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయతో ఇస్తాం. సాసేజ్‌లోని పొగ వాసనకి, ఉప్పుకి ఆ పులుపు చక్కగా కుదిరింది. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే. కందిపొడి, నెయ్యితో ఒకటి ప్రయత్నించాం, బన్ను పొడిపొడిగా గొంతుకి అడ్డం పడింది, మానేశాం.

టమాటా ఊరగాయకి మా మదనపల్లె కాయే వాడాలని ఆశ. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు రెండు వారాలు టమాటా లేకుండానే అమ్మాం, బోర్డు మీద ఆ మాట రాసి పెట్టాం.

మయొనీజ్ విషయంలో జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసేది తెలంగాణలో 2024 అక్టోబరులో, తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో ఏడాది చొప్పున నిషేధించారు. ఇక్కడైనా, ఎక్కడైనా ఇంట్లో చేసిన గుడ్డు మయొనీజ్ రోడ్డు మీద పెట్టకండి. గుడ్డు లేని ప్యాకెట్‌దే కొని, ఐస్ మీద ఉంచండి.

సాసేజ్ ఎర్రగా కనబడడానికి రంగు వేయొచ్చా?

వద్దు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరిలో కృత్రిమ రంగుల్ని, పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగుని నిషేధించింది. అదే ఏడాది జూన్‌లో కబాబ్‌లకీ రంగు కూడదంది. ఎర్ర రంగు కావాలంటే బ్యాడగి మిరపకాయ ఉంది.

వెజ్ హాట్ డాగ్ కూడా అదే పెనం మీద చేస్తే ఏమవుతుంది?

చేయకూడదు. నమ్మి తినే మనిషికి అది మోసం. మాకు వెజ్‌కి వేరే చిన్న పెనం, ఆకుపచ్చ టేపు చుట్టిన పటకారు, వేరే చాకు ఉన్నాయి. చోటు లేకపోతే వెజ్ పెట్టకండి.

చిన్నపిల్లలకి ఇవ్వొచ్చా?

నాలుగేళ్లలోపు పిల్లలకి గుండ్రటి ముక్కలుగా కోసి ఎప్పుడూ ఇవ్వకండి. సాసేజ్ గుండ్రంగా, మెత్తగా, సరిగ్గా పిల్లల గొంతు గొట్టం అంత ఉంటుంది. ఇరుక్కుంటే గాలి పూర్తిగా ఆగిపోతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2010లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లకి మేమే చెప్తాం. కాస్త పెద్ద పిల్లలకైతే సాసేజ్‌ని నిలువునా నాలుగు చీలికలు చేసి, మళ్లీ చిన్న ముక్కలు చేసి ఇస్తాం. గిరాకీ పోతుందేమో అనుకోవద్దు. అట్లా చెప్పినందుకే ప్రతి ఆదివారం వచ్చే సంసారాలున్నాయి.

రోజూ తింటే ఆరోగ్యానికి మంచిదేనా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో సాసేజ్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు, అంటే దాదాపు ఒక సాసేజ్ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. వారమంతా వచ్చే హాస్టల్ పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే మా ఆయన వాళ్లతో "ఇవాళ ఇంటి భోజనం తినరా, రేపు రా" అంటాడు. ఎప్పుడో ఒకసారి సరదాగా తినే తిండి ఇది. మేం అలాగే అమ్ముతాం.

నిజంగా ఎంత మిగులుతుంది?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది. నేను కావాలనే ఇంతసేపు ఆగి చెప్తున్నాను.

మా లెక్క ఇది. చికెన్ హాట్ డాగ్ 80 రూపాయలు. అందులో సాసేజ్ 22, బన్ను 10, ఉల్లిపాయ, గోంగూర, సాసులు 7, కాగితం 2, గ్యాస్ 3, ఐస్ 1. మొత్తం 45. ప్లేటుకి 35 చేతిలో ఉంటుంది. రోజుకి 70 ప్లేట్లు పోతే 2,450 రూపాయలు. ఇక్కడిదాకా లెక్కపెట్టి "నెలకి డెబ్బై వేలు!" అని ఎగిరేవాళ్లే ఎక్కువ. మొదటి ఏడాది మేమూ అలాగే సంబరపడ్డాం.

రెండో ఏడాది అత్తమ్మకి మోకాళ్ల నొప్పులొచ్చి రెండు నెలలు లేవలేకపోయింది. ఆ పనికి ఒక మనిషిని పెట్టుకున్నాం. రోజుకి 400. గల్లాలో డబ్బు ఒక్కసారిగా తగ్గిపోయింది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఇన్నాళ్లూ మేం లాభం అనుకున్నది అత్తమ్మ మోకాళ్ల నుంచి వచ్చిన డబ్బు. ఆమెకి కూలి ఇవ్వలేదు కాబట్టే అది లాభంలా కనబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు లెక్క మార్చాం. ఆ 2,450లో నాకు 550, మా ఆయనకి 550, అత్తమ్మకి 400 కూలి ముందే తీసి పెడతాం. బండి రాత్రి పెట్టుకునే చోటుకి, లైటు ఛార్జింగ్‌కి 100. మిగిలి పారబోసేదానికి 100. అప్పు కంతు 300. బండి మరమ్మతుకి 100. ఇవన్నీ పోగా 350 మిగులుతుంది. అదీ అసలు లాభం. వాన పడి 30 ప్లేట్లే పోయిన రోజు చేతికొచ్చేది 1,050, మా కూలికే చాలదు. సరుకు ధరలు, చోటు మారితే ఈ అంకెలు మారతాయి. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ ఇంటివాళ్ల కూలి గడి మాత్రం ఖాళీగా వదలకండి.

అత్తమ్మ కూలి ఆమె పేరున పోస్టాఫీసు ఖాతాలో పడుతుంది. మొదట వద్దంది. "ఇంట్లో పనికి కూలేంటే?" అంది. ఇప్పుడు మనవరాలి ఫీజుకి తన ఖాతాలోంచి తీసిచ్చింది.

పిల్లల్ని బండి పనికి పెట్టొచ్చా?

బడి అయ్యాక, ప్రమాదం లేని పనుల్లో ఇంటి వ్యాపారానికి సాయం చేయొచ్చని చట్టం అంటుంది. మా అమ్మాయిది ఎనిమిదో తరగతి. శనివారం సాయంత్రం వచ్చి బోర్డు మీద రంగు సుద్దతో రాస్తుంది, ఏడింటికి ఇంటికి పంపేస్తాం. పెనం, గ్యాస్, చాకు దగ్గరికి రానివ్వం. పరీక్షలప్పుడు అసలు రాదు.

మొగుడూ పెళ్లాం ఒకే బండి దగ్గర ఉంటే గొడవలు రావా?

వస్తాయి. గిరాకీ ఎదుట ఆయన నన్ను "ఉల్లిపాయ అట్లా వేస్తారా" అన్నాడొకసారి, మూడు రోజులు మాట్లాడలేదు. పని పంచుకున్నాక తగ్గాయి. పెనం ఆయనది, దాని మీద నేను మాట్లాడను. గల్లా, లెక్క నాది, ఆయన అడగకుండా తీయడు. రుచి అత్తమ్మది, ఆమె సరేననకుండా కొత్త పచ్చడి బండెక్కదు. మంగళవారం సెలవు. ఎంత గిరాకీ పోయినా ఆ రోజు బండి కదలదు.

వాన సంగతి?

ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, సెప్టెంబరు, అక్టోబరులోనూ ఈ ఊరి వాన సరిగ్గా మన బోణీ వేళకే వస్తుంది. రెండింటికి ఆకాశం చూసి, మబ్బుంటే సగం సాసేజ్‌లే బండి మీదికి తీసుకెళ్తాం. గొడుగు కన్నా బండికే బిగించిన టార్పాలిన్ పందిరి మేలు, గాలికి ఎగిరిపోదు. ఉరుములుంటే మూసేయండి.

యూపీఐ తీసుకుంటే జీఎస్టీ నోటీసు వస్తుందా?

2025 జూలైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకి యూపీఐ లెక్కలు చూసి నోటీసులు వచ్చినప్పుడు మా వీధిలో కూడా క్యూఆర్ కాగితాలు చించేశారు. మేం చించలేదు. యూపీఐ లేకపోతే హాస్టల్ పిల్లలు రారు. మేం చేసిందల్లా ఇంటి డబ్బుకీ బండి డబ్బుకీ ఖాతాలు వేరు చేయడం. చుట్టాలు పంపిన డబ్బు, చీటీ డబ్బు బండి ఖాతాలో పడితే అదంతా అమ్మకంలాగే కనబడుతుంది. ఏడాది అమ్మకం 20 లక్షల దగ్గరికి వస్తోందంటే ఆగకుండా ఒక ఆడిటర్‌ని కలవండి. పైన చెప్పిన 70 ప్లేట్ల లెక్కకే ఏడాదికి 17 లక్షలు దాటుతుంది, కాబట్టి ఇది దూరపు మాట కాదు.

కన్నడ రాకపోతే నడుస్తుందా?

నడుస్తుంది, కానీ నేర్చుకోండి. మనల్ని బతకనిచ్చిన ఊరు. బోర్డు మీద కన్నడ పైన, పెద్దగా ఉండాలి. "ఖార బేకా?" (కారం కావాలా), "ఎష్టు?" (ఎన్ని), "సాకా?" (చాలా), "పార్సెలా?" అనే నాలుగు మాటలతో మొదలుపెట్టాను. మా పక్కన పూలమ్మే అజ్జి (అవ్వ) రోజూ ఒక మాట సరిదిద్దేది. బండి ఎత్తుకెళ్లిన రోజు ఆఫీసులో నా తరఫున మాట్లాడింది కూడా ఆమే.

బాగా నడుస్తోంది, రెండో బండి పెట్టాలా?

మమ్మల్నీ అడుగుతున్నారు. ఒక సర్టిఫికెట్ మీద రెండు బండ్లు నడపడం, దాన్ని బాడుగకివ్వడం కుదరదు. అంతకన్నా ముందు, రెండో బండి దగ్గర థర్మామీటర్ గుచ్చేది ఎవరు, కరిగిన ప్యాకెట్ పారబోసేది ఎవరు అని చూసుకోండి. మా ఇంట్లో ఇప్పటికి ఆ మనిషి లేరు. మా మరిది వచ్చే సంక్రాంతి తర్వాత బెంగళూరు వస్తానంటున్నాడు. వస్తే మూడు నెలలు మా పెనం దగ్గరే నిలబెట్టి, కూలి కట్టి, ఆ తర్వాత అతని పేరు మీద అర్జీ పెట్టిస్తాం.